అయస్కాంతం పట్టు వదిలిన పావుగంట

ఇలా దగ్గరికి జరగండర్రా, గోడకి ఆనుకుని కూర్చున్నవాళ్ళు కూడా ముందుకి రండి. మంచినీళ్ళు తాగేవాళ్ళు ఇప్పుడే తాగి రండి, మధ్యలో లేస్తే ఒప్పుకునేది లేదు. ఒక ఆడపిల్ల మెడ మీదికి కత్తి వచ్చిన రోజు కథ ఇది. కూర్చున్నారా? అయితే వినండి.

రెండువేల ఆరు, మే నెల, శనివారం. గుర్గావ్‌లో ఇనుప రాయిని పరీక్షించే ధాతుశోధ్ లేబొరేటరీ గేటు ముందు రెబ్కా ఆటో దిగేసరికి మూడున్నర అయింది. అయిదింటికి పోలీసు జీపు వచ్చి ప్రవల్లిక అనే పిల్లను తీసుకుపోతుంది. శనివారం సాయంత్రం స్టేషను మెట్లెక్కిన పిల్లకి సోమవారం దాకా బెయిలు మాట ఎత్తేవాళ్ళు కూడా ఉండరు. ఆ రెండు రాత్రుల తరువాత నిర్దోషి అని తేలినా, ఆ మాట ఎవరి చెవికెక్కుతుంది? రెబ్కా చేతిలో ఉన్నది గంటన్నర.

రెబ్కాది చీరాల. ఇరవై రెండేళ్ళు ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసింది. పోలీసు కేసుల్లో వచ్చిన దెబ్బల్ని చూసి చూసి, ఏ దెబ్బ ఎవరు కొట్టిందో చెప్పగలిగేదాకా వచ్చి, చివరికి ఆ ఉద్యోగం మానేసి కటవారియా సరాయ్‌లో డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. ఆ గదికి పైగదిలోనే ప్రవల్లిక అద్దెకుంటుంది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఈ ల్యాబులో కెమిస్టు. ఆదివారం చికెన్ వండితే గిన్నె పట్టుకుని పైకి వెళ్ళేంత చనువు.

జరిగింది ఇదీ. ముందు రోజు, శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి, ల్యాబులో పెద్ద సైంటిస్టు లక్ష్మీనారాయణ నమూనాల గోడౌనులో తల పగిలి పడి ఉన్నాడు. తలుపుకి బయటినుంచి తాళం వేసి ఉంది. ప్రాణం ఉంది గానీ తెలివి లేదు. ఆ తాళానికి చెవులు రెండే. ఒకటి ప్రవల్లిక దగ్గర. రెండోది మాగ్నెట్ గదిలో మేకుకి వేలాడుతూ ఉంటుంది, విష్ణు అనే ఇంజినీరు కళ్ళెదుట. రెండింటినుంచి మూడింటిదాకా నేను మిషను వదిలి కదల్లేదు, తాళంచెవి మేకు వదిలి కదల్లేదు అని విష్ణు చెప్పాడు. అంటే మిగిలింది ఎవరు? ప్రవల్లిక.

రెబ్కా లోపల అడుగు పెట్టిందో లేదో, సదాశివరావు ఎదురొచ్చాడు. వరంగల్ మనిషి, డీఎస్పీగా రిటైరై కనాట్ ప్లేసులో పెద్ద డిటెక్టివ్ ఆఫీసు నడుపుతున్నాడు. కంపెనీ పిలిపించింది ఆయన్నే. ప్రవల్లిక పేరు పోలీసులకి ఇచ్చిందీ ఆయనే.

"ఏందమ్మా రెబ్కమ్మా, సూదులేసుడు బంద్ జేసి దొంగలను బట్టుడు షురూ జేసినవట?"

"సూదికైనా దొంగకైనా నరం చూసి పట్టాలి సదాశివరావు గారూ. మీరు ఎముక మీద పొడుస్తున్నారు."

"నరం దొరికింది. ఆ పోరి తాన తాళంచెవి ఉన్నది. గోడౌన్ రిజిస్టర్ల సంతకం ఉన్నది. కోటు మీద నెత్తురు ఉన్నది. ఇంకేం గావాలె నీకు?"

"ఆ కోటు చూపించండి చాలు."

ప్లాస్టిక్ సంచిలోంచి తెల్లకోటు బయటికి వచ్చింది. మోచేతి దగ్గర అరచెయ్యంత ఎర్రమరక. రెబ్కా వంగి చూసింది, వేలితో తడిమింది, వేలు ఆయన ముక్కు ముందు పెట్టింది.

"నెత్తురు ఎండితే గోధుమరంగుకి తిరుగుతుంది, గుడ్డ అట్ట కడుతుంది. ఇది కుంకంలా రాలుతోంది. ఇనుప రాయి దుమ్ము. మీ కాలరు మీద కూడా ఉంది, మిమ్మల్ని కూడా జీపెక్కించమంటారా?"

సదాశివరావు చెయ్యి తనకు తెలియకుండానే కాలరు మీదికి పోయింది. పోయిన చేతిని చూసుకుని చిరాగ్గా దించేశాడు.

"మరక పోతే పోనియ్. తాళంచెవి యాడికి బోతది? అయిదింటిదాకా తిరుగు, నీ ఇష్టం. అడ్డం రాను."

ప్రవల్లికని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. టేబులు మీద టీ తాకకుండానే చల్లారి మీగడ కట్టింది.

"ఆంటీ, నన్ను తీసుకెళ్ళిపోతారా?"

"అయిదు కాలేదు కదమ్మా. ముందు అడిగింది చెప్పు. గోడౌనులోకి ఎన్నింటికి వెళ్ళావు?"

"రెండూ అయిదుకి. రెండుంబావుకి వచ్చేశాను. సారు లోపలే ఉన్నారు, అందుకని తాళం వెయ్యలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చాను."

"ఆయనకి గోడౌనులో ఏం పని?"

"సీలు సంచి కోసం ఆంటీ. గనినుంచి ఓర్, అదే ఇనుప రాయి, వస్తే కుప్పపోసి నాలుగు పాళ్ళు చేస్తాం. ఎదురెదురు పాళ్ళు రెండూ ఒకటి చేసి మా పనికి వాడతాం. తక్కిన రెండు పాళ్ళూ సంచిలో పోసి సీలు వేసి దాస్తాం. రేపు గొడవొస్తే అదే సాక్ష్యం. ఈ గని ఓర్‌లో ఫాస్ఫరస్ విపరీతంగా ఉంటుందని పేరు. మాకు ఇచ్చినదాంట్లో చూస్తే అసలు లేదు. ఎవరో నమూనా మార్చారు, సీలు సంచి తెరిచి చూస్తానని సారు నిన్న పొద్దుట అందరి ముందూ అన్నారు."

"ఫాస్ఫరస్ ఉంటే ఏమవుతుంది?"

"ఉక్కు పెళుసవుతుంది. చలికి పగిలిపోతుంది. మట్టీ ఇసకా అయితే కడిగి తీసేస్తాం ఆంటీ. ఇది అట్లా పోదు, గింజ కడుపులో కూర్చుంటుంది."

రెబ్కాకి అర్థమైంది. బియ్యంలో రాయిని గాలించి తీసెయ్యొచ్చు. పుచ్చిన గింజలో పురుగుని ఎన్ని నీళ్ళు పోసి కడిగితే మాత్రం పోతుంది? అలాంటి ఓర్ మంచిదేనని ఈ ల్యాబు చీటీ ఇస్తే ఎవరికో పంట పండినట్టే. ఆ చీటీకి అడ్డం పడ్డ మనిషి తల పగిలింది.

మూడూ యాభైకి గోడౌను తలుపు తీయించింది. సదాశివరావు వెనకే వచ్చాడు, చేతులు వెనక్కి కట్టుకుని. ఇనుప అరలు, అరల నిండా సంచులు, అన్నింటి మీదా ఎర్రటి దుమ్ము. కింద నెత్తుటి మరక, సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, అది నెత్తురే. పడిన తీరు చూస్తే మనిషి అరవైపు తిరిగి ఉండగా వెనకనుంచి కొట్టిన దెబ్బ. రెబ్కా ఆ అర ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఆ సీలు సంచీ ఇదేనా?"

"ఇదే. సీలు పగలలే, జూసుకో."

"సీలు చూశారు, కింద చూడలేదు. దుమ్ములో సంచి అడుగు అచ్చు ఎంత వెడల్పుందో చూడండి. దాని మీద నిలబడ్డ సంచీ ఎంత సన్నంగా ఉందో చూడండి. నెలల తరబడి ఇక్కడ కూర్చున్న సంచి ఇది కాదు. ఎవరో మార్చారు. సారు చూశాడు, దెబ్బ తిన్నాడు."

సదాశివరావు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఆ పోరియే మార్చొచ్చు గద."

"రోజూ తాళంచెవి తన నడుముకే ఉండగా, సారు లోపల నిలబడి ఉన్న సమయమే దొరికిందా దానికి?"

"మంచిగ మాట్లాడుతవ్ గని, అది జడ్జికి జెప్పు. చెవులు రెండే. రెండోది మేకు మీదకెల్లి కదల్లే. పోరడు సంతకం పెట్టి జెప్పిండు."

అదీ నిజమే. ముడి అంతా ఆ మేకు దగ్గరే ఉంది.

నాలుగూ పదికి మాగ్నెట్ గది. విష్ణు ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడు, ఇరవై తొమ్మిదేళ్ళుంటాయి. నవ్వుతూనే ఎదురొచ్చాడు. మిషను మనిషంత ఎత్తుంది. రాగితీగ చుట్టిన రెండు పెద్ద ఇనుప దవడలు, వాటి మధ్య గాడులు తీసిన పలకలు. కరెంటు ఇస్తే ఆ దవడలు అయస్కాంతమవుతాయి. మెత్తగా నూరిన ఓర్‌ని నీళ్ళతో కలిపి పైనుంచి పోస్తారు. ఇనుము పలకలకి కరుచుకుంటుంది, ఇసకా మట్టీ నీళ్ళతోపాటు కింద బకెట్లోకి జారిపోతాయి. వాళ్ళ భాషలో దానికేదో పేరుంది, మనం తాలు అనుకుందాం. తాలంతా పోయాక బకెట్ మార్చి, కరెంటు ఆపి, నీళ్ళు కొడితే ఇనుము దిగుతుంది. చాటలో చెరిగే పనే, చాట కరెంటుది, అంతే.

"నిన్న రెండింటికి ఏం చేస్తున్నావు బాబూ?"

"బ్యాచ్ నడిపా ఆంటీ. దో సే తీన్. పూరా ఏక్ ఘంటా."

"మధ్యలో బాత్‌రూముకైనా పోలేదా?"

"నహీ ఆంటీ. పోస్తూ పోస్తూ వదిలేస్తే బ్యాచ్ ఖరాబ్ అయిపోతుంది."

"మిషను ఎక్కడైనా ఆగిందా?"

"బిల్‌కుల్ నహీ. నాన్‌స్టాప్. చూడండి, రాసి పెట్టాను."

పుస్తకంలో రాసే ఉంది. రెండునుంచి మూడు, అంతరాయం లేదు, కింద సంతకం. గోడవారగా రెండు బకెట్లు, రెండింటికీ అదే టైముతో చీటీలు. రెబ్కా ఒకటి ఎత్తబోతే నేలకి అతుక్కున్నట్టు కదల్లేదు, అది ఇనుము. రెండోదాన్ని ఒంటిచేత్తో లేపేసింది. లోపల లేత గులాబీ రంగు బురద.

"ఇంత తేలికా?"

"తాలు కదా ఆంటీ, ఐరన్ ఉండదు. అదే మన హాథ్ కీ సఫాయీ."

తన చేతి పనితనం గురించి గర్వంగానే అన్నాడు. పనిమంతుడే, అందులో అనుమానం లేదు. రెబ్కాకి ఏమీ దొరకలేదు. సదాశివరావు స్టూలు లాక్కుని కూర్చుని గడియారం చూశాడు.

"ముప్పై అయిదు నిమిషాలు, రెబ్కమ్మా."

రోగం అంతుపట్టకపోతే రోగిని లేపి నాలుగడుగులు నడిపించి చూడమనేది రెబ్కాకి పని నేర్పిన పెద్ద నర్సు.

"ఒకసారి నడిపి చూపించు విష్ణూ. నిన్న ఎట్లా చేశావో అట్లాగే."

స్విచ్ వేశాడు. మిషను తుమ్మెదలా రొద పెట్టింది. పైనుంచి ఎర్రటి బురద పోస్తుంటే కింద బకెట్లోకి లేతరంగు నీళ్ళు జారుతున్నాయి. తలుపు దగ్గర ప్రవల్లిక వచ్చి నిలబడింది, వెనక సెక్యూరిటీ మనిషి. నాలుగూ ముప్పై ఒకటికి లైటు రెప్పకొట్టింది.

ఒక్క రెప్పపాటే. ఫ్యాను మందగించి మళ్ళీ అందుకుంది. బయట ఎక్కడో జనరేటరు గర్జించింది. కానీ తుమ్మెద రొద మళ్ళీ రాలేదు. దవడల మధ్య కరుచుకుని ఉన్న ఇనుమంతా ఒక్కసారి పట్టు వదిలి, నల్లటి చిక్కటి ముద్దలా దభీమని తాలు బకెట్లోకి దిగింది. సదాశివరావు బూట్ల మీద చిందింది.

"అరే యార్, బిజిలీ!" అంటూ విష్ణు బకెట్ లాగేయడానికి ఎగిరాడు. ఎగిరినవాడు సగంలో ఆగిపోయాడు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

రెబ్కా బకెట్‌ని చూడటం లేదు. వాడి మొహం చూస్తోంది.

"జనరేటరు అందుకుందిగా, ఇదెందుకు ఆగింది?"

విష్ణు చెయ్యి దించి స్విచ్ ఆపాడు. ప్రవల్లిక చెప్పింది. "జనరేటరు మీద లైట్లూ ఏసీలూ కంప్యూటర్లే ఆంటీ. మాగ్నెట్ చాలా కరెంటు లాగుతుంది, దానికి కలపలేదు."

"నిన్న మధ్యాహ్నం కరెంటు పోయిందా?"

"పోయే ఉంటుంది. రోజుకి నాలుగైదుసార్లు పోతుంది. లైటు రెప్పకొట్టి వచ్చేస్తుంది, ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

ఎవరూ పెట్టుకోరు. గుర్గావ్‌లో కరెంటు పోవడం కూడా ఒక సంగతేనా? అందుకే ఆ మాట సదాశివరావు అడగలేదు, అడగలేదు గనక ఎవరూ చెప్పలేదు. రెబ్కా ఒక్క అంగలో పెరట్లో జనరేటరు షెడ్డుకి పోయింది. అక్కడ దశరథ్ అనే హర్యానా మనిషి, ఒళ్ళంతా డీజిలు వాసన.

"దశరథ్ భయ్యా, కల్ దోపహర్ బిజిలీ గయీ థీ క్యా?"

"కిస్ దిన్ నహీ జాతీ, దీదీ?" అని, పోని రోజు ఏదన్నట్టు నవ్వి, నూనె మరకల పుస్తకం చేతిలో పెట్టాడు. జనరేటరు ఎప్పుడు వేశాడో, ఎప్పుడు ఆపాడో తేదీలవారీగా అందులో ఉంది. శుక్రవారం: వేసింది రెండూ ఇరవై. ఆపింది రెండూ ముప్పై అయిదు.

నాలుగూ నలభైకి రెబ్కా రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టింది.

"నిన్న రెండూ ఇరవైకి ఈ అయస్కాంతం పట్టు వదిలేసింది. పావుగంట సేపు ఇది ఒట్టి ఇనుము. నువ్వు ఇక్కడ బురద పోస్తూ ఉంటే ఇనుమంతా తాలు బకెట్లోకి దిగాలి. అప్పుడు నేను ఆ బకెట్ ఎత్తబోతే నడుం పట్టేసేది. నేను ఒంటిచేత్తో ఎత్తాను."

"బకెట్ మార్చా ఆంటీ. వెంటనే మార్చా. రాయడం భూల్ గయా."

"భూల్ గయా? ఇప్పుడు కరెంటు పోతే నీకంటే ముందు నీ చెయ్యి బకెట్ మీదికి పోయింది. అట్లాంటివాడివి, మిషను పావుగంట ఆగితే అంతరాయం లేదని సంతకం పెడతావా? నువ్వు మరిచిపోలేదు విష్ణూ. కరెంటు పోయిందని నీకసలు తెలీదు. తెలీలేదంటే నువ్వు ఈ గదిలో లేవు."

విష్ణు గోడకి జారగిలబడ్డాడు. "ఆ బ్యాచ్ లంచ్‌కి ముందే అయిపోయింది. బకెట్ పర్చీ మీద, అదే చీటీ మీద, టైము తర్వాత వేశా. ఇక్కడ అందరూ అట్లాగే వేస్తారు."

సదాశివరావు స్టూలు మీదనుంచి లేచాడు. బూట్లు తుడుచుకోలేదు. గొంతులో ఇంతసేపటి వేళాకోళం లేదు, ముప్పై ఏళ్ళ ఠాణా పలికింది.

"తాళంచెవి ఎవనికిచ్చినవ్ రా?"

"గనివాళ్ళ మనిషి సార్. పేరు చెప్పలేదు. పోయినసారి నమూనా మార్చిందీ ఆయనే. సీలు సంచి కూడా మార్చి వచ్చేస్తా, బస్ దస్ మినట్, పది నిమిషాలే అన్నాడు. వాళ్ళ కొత్త ప్లాంటులో మేనేజర్ని చేయిస్తానన్నాడు. వెనక గేటులోంచి పంపి, నేను రోడ్డు మీద ఆయన కార్లో అద్దాలేసుకుని ఏసీలో కూర్చున్నా. లోపల సారు ఉన్నారని నాకు తెలీదు. కసమ్ సే ఆంటీ, ఒట్టు, తెలీదు. తిరిగొచ్చి తాళంచెవి నా ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు."

"మూడింటికి తెలిసింది కదా?" అంది రెబ్కా. "ఈ పిల్ల మీద నేరం పడుతుంటే చూస్తూ కూర్చున్నావు కదా?"

విష్ణు ప్రవల్లిక వైపు చూడలేకపోయాడు. ఆ పిల్ల మాత్రం వాడినే చూస్తోంది. రోజూ వాడితో కలిసి డబ్బా పంచుకుని తిన్న పిల్ల.

నాలుగూ యాభై రెండుకి జీపు ముందే వచ్చేసింది. సబ్-ఇన్‌స్పెక్టరు దిగి, "లడ్కీ కహాఁ హై?" అన్నాడు. రెబ్కా నోరు తెరిచేలోగా సదాశివరావు అడ్డంగా నడిచాడు.

"లడ్కీ నహీ, సాబ్. మేరీ గల్తీ థీ. యే లడ్కా హై." తప్పు తనదేనని చెప్పి విష్ణుని చూపించాడు. ఆ తరవాత రెబ్కా వైపు చూడకుండానే, "జడ్జికి గూడ నేనే జెప్త తియ్" అన్నాడు.

ప్రవల్లిక ఉన్నచోటే నేలమీద కూలబడి ఏడ్చింది. రెబ్కా దాని తల నిమిరింది గానీ మనసు అక్కడ లేదు.

"విష్ణూ, ఆ మనిషి మళ్ళీ మాట్లాడాడా?"

"పొద్దున ఫోన్ చేశాడు. సారు ఏ హాస్పిటల్లో, ఏ వార్డులో అని."

"చెప్పావా?"

తల ఇంకా కిందికి దిగింది. అంటే చెప్పాడు.

దెబ్బ వెనకనుంచే పడింది నిజమే. కానీ పడబోయే ముందు తల తిప్పి ఉంటే? కొట్టినవాడి మొహం సారు చూసి ఉంటే? రెబ్కా వేళ్ళు ఫోను నంబరు నొక్కుతూనే ఉన్నాయి. ఆ వార్డులో డ్యూటీ ఎల్సాది, రెబ్కా దగ్గర పని నేర్చుకున్న పిల్ల.

"ఎల్సా, లక్ష్మీనారాయణ గారి గదిలోకి ఎవర్నీ పోనివ్వకు."

"రెబ్కక్కా! ప్రభువు దయ, ఆయన అరగంట క్రితమే కళ్ళు తెరిచారు. పాపం నిన్నటినుంచీ ఎవరూ రాలేదని అనుకుంటున్నాం, ఇప్పుడే వాళ్ళ బావమరిది వచ్చాడు. బావగారు ఏదో చెప్పాలంటున్నారు, డాక్టర్ని పిలుచుకు రండి సిస్టర్ అంటే, నేను ఇటు వచ్చాను."

రెబ్కా ఫోను మూతిమీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ప్రవల్లికా, మీ సారు భార్య తమ్ముడు ఢిల్లీలో ఉంటాడా?"

ప్రవల్లిక కళ్ళు తుడుచుకుంటూ అయోమయంగా చూసింది.

"తమ్ముడేంటి ఆంటీ? సారు పెళ్ళే చేసుకోలేదు."

"ఎల్సా! పరుగెత్తు! వాడు బావమరిది కాదు!"

ఫోనులో చెప్పుల చప్పుడు, వరండాలో ఎవరినో తోసుకుంటూ పోయిన చప్పుడు, తలుపు మీద దబదబా బాదిన చప్పుడు. సదాశివరావు అప్పటికే కారు తాళాలు తీసి, "ఎక్కు రెబ్కమ్మా, జల్దీ ఎక్కు" అంటున్నాడు.

"అక్కా," అంది ఎల్సా, ఊపిరి అందక. "తలుపు రావట్లేదు. లోపల్నుంచి గడియ పెట్టేశాడు."

ఇదర్రా ఆ శనివారం అయిదింటిదాకా జరిగింది; ఆ తలుపు వెనక ఏమైందో అది వేరే కథ, ఇంకో రోజు చెప్తాను. బాగా మనసులో పెట్టుకోండి, ఎక్కడన్నా నలుగురు కూర్చున్న చోట చెప్పండి. చెప్పేటప్పుడు ఒక్క మాట మాత్రం విడిచిపెట్టకండి. తప్పు తెలియగానే అందరి ముందూ నాదే అన్న ఆ సదాశివరావు మాట కూడా చెప్పండి. రెబ్కా తెలివి ఎటూ చెప్తారు. ఆయన మాటే జనం మరిచిపోతారు.